ఆగి ఆగి నడిచే సెకన్ల ముల్లు: మెకానికల్ వాచీకి ఇది అందమా, అనవసరమా?

కీవాచీ_ప్రియుడు:

ఖరీదైన మెకానికల్ వాచీల్లో కొన్నింటి సెకన్ల ముల్లు జారుతున్నట్టు తిరగదు. సెకనుకు ఒక అడుగు వేసి ఆగుతుంది, మళ్ళీ అడుగు వేస్తుంది. చూడటానికి అచ్చం బ్యాటరీ వాచీ నడకే. లోపల మాత్రం బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు. స్ప్రింగు, చక్రాలు, అంతే. వీటిని డెడ్‌బీట్ సెకండ్స్ వాచీలంటారు. జేగర్-లెకూల్ట్ర్ వాళ్ళ జియోఫిజిక్ ట్రూ సెకండ్, లాంగే వాళ్ళ జంపింగ్ సెకండ్స్, ఆర్నాల్డ్ అండ్ సన్ వాళ్ళ డి.ఎస్.టి.బి., ఆస్ట్రియాలో హాబ్రింగ్ దంపతులు చేసే ఎర్విన్, అన్నీ ఆ కోవలోవే.

నాకు వీటి మీద ఏళ్ల తరబడి మోజు. ఒకటి కొనడానికి డబ్బు కూడబెడుతున్నాను. వాచీలు సేకరించే మిత్రులకు చెబితే మాత్రం అందరిదీ ఒకే మాట. లక్షలు పోసి మెకానికల్ వాచీ కొనేదే ఆ ముల్లు సాఫీగా తిరుగుతుంటే చూసుకోవడానికి కదా, దాన్ని కూడా ఆపి ఆపి నడిపిస్తే ఇక మిగిలిందేమిటి అని.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సెకన్ల ముల్లు ఉన్నది సెకను చూపించడానికి. ఆగకుండా తిరిగే ముల్లు ఎప్పుడు చూసినా రెండు గీతల మధ్య ఎక్కడో ఉంటుంది. గీత మీద ఆగిన ముల్లును చూస్తే ఇది పదిహేడో సెకను అని తడుముకోకుండా చెప్పవచ్చు. ఆ పనిని కరెంటు సాయం లేకుండా చక్రాలతో సాధించడం చాలా కష్టం. ఆ కష్టమే నన్ను ఆకట్టుకుంది. మీరేమంటారు? వాడినవాళ్ళు ఉంటే తప్పకుండా రాయండి.

సాఫీ_నడక:

నేను మీ మిత్రుల పక్షమే. కారణం చెబుతాను.

క్వార్ట్జ్ వాచీలో, అంటే బ్యాటరీ వాచీలో, ముల్లు సెకనుకు ఒక్కసారే కదలడం వెనక ఉన్నది పొదుపు. మోటారుకు సెకనుకు ఒక్క విద్యుత్ తాకిడి ఇస్తే చిన్న బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. 1969 డిసెంబరు 25న సీకో వాళ్ళు ఆస్ట్రాన్ విడుదల చేసిన తర్వాత ప్రపంచం మొత్తానికీ ఆ నడక అలవాటైంది. మెకానికల్ వాచీకి ఆ అవసరం లేదు. వాచీకి లయ పట్టే బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతున్నంతసేపూ శక్తి ముల్లు దాకా వస్తూనే ఉంటుంది, ఆ కదలిక మనకు కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని అడ్డుకుని, దాచి, సెకనుకు ఒకసారి వదలడానికి అదనంగా ఇన్ని భాగాలు పెట్టడం నాకు నచ్చదు. ప్రతి అదనపు భాగం ఒక రాపిడి, ఒక నూనె చుక్క, రేపటికి ఒక రిపేరు.

నా చేతికి ఉన్నది గ్రాండ్ సీకో స్ప్రింగ్ డ్రైవ్. నడిపేది స్ప్రింగే, వేగాన్ని అదుపు చేసేది మాత్రం క్వార్ట్జ్. ముల్లు ఎక్కడా ఆగదు, ఎక్కడా గంతు వేయదు. రాత్రి దీపం కింద దాన్ని చూస్తూ కూర్చుంటే కాలం నిజంగా ఇలాగే నడుస్తుంది అనిపిస్తుంది. కాలానికి గీతలు మనం గీసుకున్నవే.

జనతా_0231:

సాఫీ_నడక గారూ, స్ప్రింగ్ డ్రైవ్ విషయంలో మీరు చెప్పింది నిజం. మామూలు మెకానికల్ వాచీలు మాత్రం అలా నడవవు. నా హెచ్.ఎం.టి. జనతాను భూతద్దం కింద పెట్టి చూడండి. సెకన్ల ముల్లు కొన ఒక గీత నుంచి ఇంకో గీతకు వెళ్ళేలోగా ఐదుసార్లు ఆగుతుంది. చిన్న చిన్న కుదుపులు, ఒక్కొక్కదాని తర్వాత ముల్లు కొన సన్నగా వణుకుతుంది. బ్యాలెన్స్ ఒక్కో ఊపును ఒక దెబ్బ అంటారు. గంటకు 18,000 దెబ్బల వాచీ అంటే సెకనుకు ఐదు అడుగులు. ఇప్పటి స్విస్ వాచీల్లో ఎక్కువ భాగం 28,800, అంటే ఎనిమిది అడుగులు. జెనిత్ ఎల్ ప్రిమెరో 36,000, అంటే పది. అడుగులు చిన్నవైపోయి మన కంటికి ఆనవు, అంతే తేడా.

అందుకే గంతు మంచిదా, జారడం మంచిదా అనే చర్చ మెకానికల్ వాచీల దగ్గర నిలవదు. సెకనుకు ఎన్ని గంతులు అన్నదే ప్రశ్న. ఎనిమిది గంతులు వేస్తే మెకానికల్, ఒకటి వేస్తే బ్యాటరీ అనడం న్యాయం కాదు.

ఈ ఒక్క గంతు కోరిక క్వార్ట్జ్ కన్నా చాలా పాతది కూడా. జెనీవాలో జాఁ-మొయీజ్ పుజే అనే గడియారాల నిపుణుడు 1776లోనే సెకనుకు ఒక అడుగు వేసే ముల్లున్న జేబు గడియారం చూపించాడు. బ్యాటరీ వాచీ దీన్ని అనుకరించింది అంటే ఒప్పుకుంటాను, ఇది బ్యాటరీ వాచీని అనుకరించింది అంటే ఒప్పుకోను.

చదువరి:

నేను ఈ రంగానికి కొత్త. ఒక సందేహం. బ్యాలెన్స్ చక్రం సెకనుకు ఆరు లేదా ఎనిమిది దెబ్బలు కొడుతుంటే, ముల్లు ఒక్క గంతే ఎలా వేస్తుంది? మిగతా దెబ్బలు ఎక్కడికి పోతాయి? ఎవరైనా అర్థమయ్యేలా వివరిస్తారా?

లూప్_కన్ను:

చదువరి గారూ, వృత్తిరీత్యా వాచీలు విప్పి బిగించేవాడిని, నేను చెబుతాను.

మామూలు వాచీలో పెద్ద స్ప్రింగు శక్తి చక్రాల వరుస మీదుగా ఎస్కేప్ చక్రం దాకా వస్తుంది. బ్యాలెన్స్ ఒక్కో దెబ్బకు ఎస్కేప్ చక్రాన్ని కొంచెం కొంచెం వదులుతుంది. సెకన్ల ముల్లు ఆ వరుసలోని చక్రానికే తగిలించి ఉంటుంది కాబట్టి దెబ్బదెబ్బకూ కదులుతుంది.

డెడ్‌బీట్ వాచీలో ముల్లును ఆ వరుస నుంచి విడదీస్తారు. ముల్లుకు వేరే చక్రం ఉంటుంది, దాన్ని ముందుకు తోయడానికి శక్తి సిద్ధంగా ఉంటుంది, కానీ ఒక సన్నని మీట దాన్ని పట్టి ఆపుతుంది. ఇటు ఎస్కేప్ చక్రం ఇరుసు మీద నక్షత్రం ఆకారంలో ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. లెక్క చూడండి. గంటకు 21,600 దెబ్బల వాచీ సెకనుకు ఆరు దెబ్బలు కొడుతుంది. రెండు దెబ్బలకు ఒక పన్ను చొప్పున ఎస్కేప్ చక్రం సెకనుకు మూడు పళ్ళు జరుగుతుంది. చక్రానికి పదిహేను పళ్ళుంటే ఐదు సెకన్లకు ఒక చుట్టు. కాబట్టి నక్షత్రానికి ఐదు మొనలు పెడితే సరిగ్గా సెకనుకు ఒక మొన మీట ముందు నుంచి తప్పుకుంటుంది. మీట గిర్రున ఒక్క చుట్టు తిరిగి తర్వాతి మొనకు తగిలి ఆగుతుంది. ఆ ఒక్క చుట్టులో ముల్లు ఒక గీత దూకుతుంది. మిగతా దెబ్బలు ఎక్కడికీ పోవు. అవి నక్షత్రాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ ఆ ఒక్క క్షణానికి సిద్ధం చేస్తుంటాయి.

మీటకు, మొనకు మధ్య పట్టు ఎంత ఉండాలన్నదే ఇందులో ప్రాణం. పట్టు ఎక్కువైతే దాన్ని విడిపించుకోవడానికి ఎస్కేప్ చక్రం శక్తి ఖర్చవుతుంది, బ్యాలెన్స్ ఊపు తగ్గుతుంది. తక్కువైతే కుదుపు తగిలినప్పుడు మీట జారి ముల్లు ఒకేసారి రెండు గీతలు దూకుతుంది. ఈ సర్దుబాటు వెంట్రుక మందంలో కొంత భాగం. సర్వీసింగులో చేతులు వణికేది ఇక్కడే.

సాఫీ_నడక గారి రాపిడి అభ్యంతరంలో బలం ఉంది. రోజుకు 86,400 సార్లు, ఏడాదికి మూడు కోట్ల పదిహేను లక్షల సార్లు ఆ మీట వచ్చి మొనకు కొట్టుకుంటుంది. నూనె ఎండితే అరుగుదల తప్పదు.

నాడిచూపు:

ఇందాకటి నుంచి అందరూ అందం గురించే రాస్తున్నారు. ఉపయోగం గురించి నేను రాస్తాను. పిల్లల వైద్యురాలిగా పనిచేసి విరమించాను.

నాడి లెక్కపెట్టేటప్పుడు మనసు రెండు లెక్కలు వేయాలి. వేళ్ళ కింద కొట్టుకునేది ఒకటి, ముల్లు ఎక్కడుందన్నది ఇంకొకటి. ముల్లు ఆగకుండా తిరుగుతుంటే ఎక్కడ మొదలుపెట్టాం, పదిహేను సెకన్లు ఎక్కడ పూర్తయ్యాయి అన్నది కళ్ళతో వెతుక్కోవాలి. గీత గీతకూ ఆగే ముల్లయితే మొదలు, చివర రెండూ ఖచ్చితం. పదిహేను సెకన్ల లెక్కను నాలుగుతో హెచ్చిస్తాం కాబట్టి చివర్లో ఒక్క కొట్టుడు అటూఇటూ అయినా ఫలితంలో నాలుగు తేడా వస్తుంది.

శ్వాస లెక్కలో ఇది ఇంకా ముఖ్యం. జలుబు, దగ్గుతో వచ్చిన చంటిబిడ్డకు న్యుమోనియా అనుమానం ఉందో లేదో చూడటానికి నిండు నిమిషం పాటు శ్వాస లెక్కపెడతాం. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి యాభై, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నలభై, అంతకు చేరినా మించినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. బిడ్డ ఏడుస్తుంటే, కదులుతుంటే కళ్ళు పొట్ట మీదే ఉండాలి. ముల్లును ఓరచూపుతో చూడాల్సిందే. ఆ ఓరచూపుకు దొరికేది ఆగి నడిచే ముల్లే.

వైద్యులు ఈ అవసరాన్ని చాలా ముందే గుర్తించారు. ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు నాడి చూడటం కోసమే ప్రత్యేకంగా గడియారం చేయించుకున్నాడు. 1707 నాటి సంగతి ఇది. రోలెక్స్ 1950ల్లో తెచ్చిన ట్రూ-బీట్‌ను కూడా వైద్యులను ఉద్దేశించి చేసిందనే చెబుతారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వాడింది మామూలు క్వార్ట్జ్ వాచీయే, అదీ ముల్లు ఆగి నడుస్తుందనే. అదే సౌకర్యం కీ ఇచ్చే వాచీలో దొరుకుతుందంటే దాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు.

సాఫీ_నడక:

నాడిచూపు గారూ, మీ అనుభవం ముందు నా వాదన నిలవదు, ఆ పనికి అదే సరైన ముల్లు. కానీ ఆ పనికి మామూలు క్వార్ట్జ్ వాచీయే వాడానని మీరే చెప్పారు. కాబట్టి లక్షల విలువ చేసే వాచీలో ఇది పనిముట్టుగా వచ్చింది కాదు, పనితనం చూపించుకోవడానికి వచ్చింది. పనితనం చూపించుకోవడానికే అయితే నేను గంటలు, నిమిషాలు మోగించి చెప్పే మినిట్ రిపీటర్ వింటాను, బ్యాలెన్స్‌ను పంజరంతో సహా తిప్పే టూర్బియాన్ చూస్తాను. బయటికి ఏమీ కనిపించని పనితనానికి అంత ధర పెట్టడం నాకు మింగుడు పడదు.

ఎల్బే_తీరం:

డ్రెస్డెన్ నుంచి రాస్తున్నాను. లాంగే ఊరు గ్లాస్‌హ్యూటె ఇక్కడికి దగ్గరే. కాబట్టి లాంగే రిచర్డ్ లాంగే జంపింగ్ సెకండ్స్ గురించి నేను చెప్పాలి. 2016లో ప్లాటినంలో వంద మాత్రమే చేశారు. లూప్_కన్ను గారు లెక్క కట్టిన ఐదు మొనల నక్షత్రం సరిగ్గా అందులో ఉంది.

డయల్ మీద అన్నిటికన్నా పెద్ద వలయం సెకన్లది. గంటలు, నిమిషాలు దాని కింద చెరో పక్క ఒదిగి ఉంటాయి. వాచీ ఏం చెప్పాలనుకుంటోందో ఆ అమరికే చెబుతుంది. ఆ అమరికకు మూలం యోహాన్ హైన్రిఖ్ జైఫెర్ట్ అనే డ్రెస్డెన్ గడియారాల నిపుణుడు. ఇక్కడి జ్వింగర్ భవనంలోని శాస్త్ర పరికరాల మ్యూజియంలో పాత ఖగోళ గడియారాలు వరుసగా చూశాక ఆ డయల్ చూస్తే, చేతి వాచీ కన్నా వేధశాలలో గోడ గడియారమే గుర్తుకొస్తుంది. కిరీటం, అంటే పక్కనుండే కీ గుండీ, బయటికి లాగితే సెకన్ల ముల్లు ఎక్కడున్నా ఠక్కున సున్నాకు చేరుతుంది. రేడియో సమయ సంకేతానికి వాచీ కలుపుకోవడం ఎంత హాయో ఆలోచించండి.

బయటికి ఏమీ కనిపించదని సాఫీ_నడక గారు రాశారు. ఇక్కడ నేను విభేదిస్తాను. ఈ వాచీలో పెద్ద స్ప్రింగు నుంచి శక్తి రెండు దారుల్లో వెళుతుంది. ఒక దారి బ్యాలెన్స్‌కు, ఒక దారి గంతు వేసే ముల్లుకు. బ్యాలెన్స్‌కు వెళ్ళే దారిలో ఇంకో చిన్న స్ప్రింగు ఉంటుంది, అది సెకనుకు ఒకసారి మళ్ళీ బిగుసుకుంటుంది. పెద్ద స్ప్రింగు నిండుగా ఉన్నా నీరసించినా బ్యాలెన్స్‌కు అందే బలం ఒక్కటే. అంటే గంతు, నిలకడ ఒకే లయలో నడుస్తున్నాయి. ఎఫ్.పి. జూర్న్ అనే నిపుణుడి టూర్బియాన్ సువరాన్ వాచీలో 2003 నుంచి ఉన్న డెడ్‌బీట్ సెకన్లకు కూడా ఇలాంటి చిన్న స్ప్రింగే ఆధారం. అక్కడ ముల్లు వేసే ప్రతి అడుగూ ఆ స్ప్రింగు బిగుసుకున్న గుర్తు. లోపల జరిగే పని డయల్ మీద అంత నేరుగా కనిపించే వాచీలు తక్కువ.

నెదర్లాండ్స్‌లో గ్రోనెఫెల్డ్ సోదరుల వన్ హెర్ట్జ్ ఇంకో దారి పట్టింది. సెకన్ల కోసం ఏకంగా వేరే చక్రాల వరుసే పెట్టారు. సమయం నడిపే వరుస మీద ముల్లు బరువు పడదు. నా దృష్టిలో ఈ సమస్యకు అన్నిటికన్నా నిజాయితీ గల పరిష్కారం అదే. అది నా స్థోమతకు అందేది కాదు, అయినా అభిమానం అభిమానమే.

చదువరి:

వివరణకు లూప్_కన్ను గారికి, ఎల్బే_తీరం గారికి ధన్యవాదాలు. ఇంకో ప్రశ్న. ఇంగ్లండులో జార్జ్ గ్రాహమ్ 1715 ప్రాంతంలో డెడ్‌బీట్ పద్ధతి తెచ్చారని చదివాను. ఇది ఆయనదేనా?

జనతా_0231:

కాదండీ, రెండూ వేర్వేరు ఏర్పాట్లు. గ్రాహమ్ చేసింది లోలకం గడియారాలకు సంబంధించినది. అంతకు ముందు లోలకం గడియారాల్లో ప్రతి ఊపుకూ ఎస్కేప్ చక్రం కొంచెం వెనక్కి తన్నేది. జాగ్రత్తగా చూస్తే సెకన్ల ముల్లు ముందుకు వెళ్ళి ఇసుమంత వెనక్కి రావడం కనిపిస్తుంది. ఆ చక్రాన్ని పట్టి వదిలే కొక్కెం కొనల ఆకారాన్ని గ్రాహమ్ మార్చి ఆ వెనకడుగు లేకుండా చేశాడు, దాంతో గడియారం నిలకడ ఎంతో పెరిగింది. ఆ గడియారాల్లో లోలకం పొడవు సుమారు 99.4 సెంటీమీటర్లు. ఒక వైపు ఊగడానికి సరిగ్గా ఒక సెకను. కాబట్టి ముల్లు సెకనుకు ఒక అడుగు వేయడానికి నక్షత్రాలు, మీటలు అక్కర్లేదు, లోలకమే వేయిస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు దూరదర్శిని మీద కన్ను, గడియారం చప్పుడు మీద చెవి పెట్టి సెకన్లు లెక్కపెట్టుకుంటూ నక్షత్రం గీత దాటిన క్షణం రాసుకునేవారు. చేతి వాచీలో బ్యాలెన్స్ అంత నెమ్మదిగా ఊగితే చేయి కదిపిన ప్రతిసారీ లయ తప్పుతుంది. అందుకే వేగంగా ఊగే బ్యాలెన్స్ నుంచి నెమ్మది సెకనును వేరు చేసి తీయాల్సి వచ్చింది.

మనవాళ్ళు సెకను కొట్టే గడియారం చూడాలంటే డ్రెస్డెన్ దాకా వెళ్ళక్కర్లేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ జనం గుమిగూడే ఆ గడియారం ఉంది కదా. గంట కొట్టడానికి బొమ్మ మనిషి బయటికి రావడమే అందరూ చూస్తారు. అందులోనే కమ్మరి బొమ్మ ఒకటి సెకను సెకనుకూ సుత్తితో కొడుతూ ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు గంట కొట్టాక జనం కదిలిపోతారు, అప్పుడు ముందు వరుసలో నిలబడి ఆ కమ్మరిని చూడండి.

కీవాచీ_ప్రియుడు:

చర్చ ఇంత దూరం వస్తుందని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇక కొనుగోలు సంగతికి వస్తాను. లాంగే, జూర్న్, గ్రోనెఫెల్డ్ నాకు అందేవి కావు. రోలెక్స్ ట్రూ-బీట్ 6556, జేగర్-లెకూల్ట్ర్ జియోఫిజిక్ ట్రూ సెకండ్, హాబ్రింగ్ ఎర్విన్, ఈ మూడింటి మధ్య ఊగిసలాడుతున్నాను. పాతదంటే మనసు ట్రూ-బీట్ మీదికే పోతోంది. లూప్_కన్ను గారూ, రిపేరు వైపు నుంచి మీ సలహా కావాలి.

లూప్_కన్ను:

ట్రూ-బీట్ అందమైన వాచీ. 34 మిల్లీమీటర్లు, లోపలి యంత్రం 1040 కాలిబర్, 1950ల్లో కొన్నేళ్ళు మాత్రమే చేశారు. కానీ దాన్ని కొనేటప్పుడు ఒక్కటి మరవకండి. గంతు వేయించే భాగాలు తర్వాతి కాలంలో దొరక్కుండా పోయాయి. సర్వీసింగుకు వచ్చిన చాలా వాచీల్లో అరిగిన ఆ భాగాలను తీసేసి, ముల్లును మామూలుగా తిరిగేలా చేసి ఇచ్చేశారు. డయల్ మీద ట్రూ-బీట్ అని ఉంటుంది, ముల్లు మాత్రం జారుతుంటుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ వాచీ పుట్టిందే ఆ గంతు కోసం. గంతు తీసేసిన ట్రూ-బీట్‌ను ఏ ధరకూ కొనవద్దనే నా సలహా. గంతు వేస్తున్నదైతే దాని ధర వేరు. అప్పుడు కూడా రేపు ఆ మీట విరిగితే తెచ్చిపెట్టేవాడు ఎవరో ముందే చూసుకోవాలి.

అదే కాలంలో ఒమేగా కూడా 372 కాలిబర్‌తో సింక్రోబీట్ అని చేసింది. అది దాదాపు దొరకదు, దాని గురించి ఆశ పెట్టుకోకండి. తక్కువ ఖర్చులో ఈ నడక రుచి చూడాలంటే 1950ల్లో షెజార్ అనే స్విస్ కంపెనీ చేసిన డెడ్‌బీట్ మూవ్‌మెంట్లు, అంటే లోపలి యంత్రాలు, ఉన్నాయి. ఎన్నో చిన్న బ్రాండ్ల పేర్లతో అమ్ముడయ్యాయి. కీ ఇచ్చే రకం. పాడైన రెండు కొని ఒకటి నిలబెట్టుకునే ఓపిక ఉంటేనే అటు వెళ్ళండి.

జియోఫిజిక్ ట్రూ సెకండ్ 2015లో వచ్చింది. 770 కాలిబర్, ఆటోమేటిక్, 39.6 మిల్లీమీటర్లు. బ్యాలెన్స్ గుండ్రని వలయంగా ఉండదు, గాలి తాకిడి తగ్గించడానికి వలయాన్ని రెండు చోట్ల తెంచి లంగరు ఆకారంలో చేశారు. కొత్తగా వచ్చినప్పుడు స్టీలు వాచీ ధర తొమ్మిది వేల డాలర్ల పైచిలుకు. ఇప్పుడు తయారీలో లేదు, వాడినవే దొరుకుతాయి. తయారు చేసిన కంపెనీ ఇంకా ఉంది కాబట్టి సర్వీసింగుకు దారి ఉంది, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది.

నన్ను అడిగితే ఎర్విన్. ఏడాదికి చాలా తక్కువ వాచీలు చేసే చిన్న కర్మాగారం అది. రిచర్డ్ హాబ్రింగ్ పూర్వం ఐ.డబ్ల్యూ.సి. అనే స్విస్ కంపెనీలో, ఒకేసారి రెండు వ్యవధులు కొలిచే డబుల్ క్రోనోగ్రాఫ్ రూపకల్పన చేసిన మనిషి. గంతు ఏర్పాటును అంత పొదుపుగా, అంత గట్టిగా అమర్చినవాళ్ళు తక్కువ. విప్పి చూస్తే ఏ భాగం ఎందుకుందో అర్థమవుతుంది. రిపేరు చేసేవాడికి అంతకన్నా కావలసింది లేదు.

నాడిచూపు:

వీటిలో డయల్ శుభ్రంగా, గీతలు స్పష్టంగా ఉన్నది ఏదో కూడా చూసుకోండి. గీత కనిపించకపోతే గీత మీద ఆగి ప్రయోజనం లేదు.

సాఫీ_నడక:

కీవాచీ_ప్రియుడు గారూ, నా అభిరుచి మారదు, కానీ మీరు ఎర్విన్ కొంటే చూడటానికి తప్పకుండా వస్తాను. స్ప్రింగ్ డ్రైవ్ పక్కన పెట్టి రెండు నడకలూ ఒకే వీడియోలో తీసి ఇక్కడ పెడదాం. కొత్తగా వచ్చేవాళ్ళకు మన వాదనలన్నిటికన్నా అదే ఎక్కువ ఉపయోగం.

కీవాచీ_ప్రియుడు:

తప్పకుండా రండి. ట్రూ-బీట్ ఆలోచన మానుకున్నాను. ఎర్విన్‌కే మొగ్గు. వాడినది ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది, వివరాలు అడుగుతున్నాను. లూప్_కన్ను గారూ, అమ్మేవారిని ఏమేమి అడగాలి?

లూప్_కన్ను:

ముందు మూవ్‌మెంట్ ఫొటో, చివరి సర్వీసింగు బిల్లు అడగండి. తర్వాత డయల్‌కు ఎదురుగా పెట్టి తీసిన నిండు నిమిషం వీడియో. అరవై అడుగుల్లో ముల్లు ప్రతిసారీ గీత మీదే ఆగాలి. ఒక పక్క గీతల మీద సరిగ్గా ఆగి, ఇంకో పక్క గీతకు ముందో వెనకో ఆగుతుంటే ముల్లు నడిమధ్యలో కూర్చోలేదనో, చక్రం వంకరగా ఉందనో అర్థం. ముల్లు దూకాక ఒకసారి వణికి ఆగడం మామూలే. దూకే ముందు వణికితే మీట పట్టు చెడిందన్నమాట.

ఆ వీడియో అప్పుడే కీ ఇచ్చి తీసింది కాకూడదు. పూర్తిగా కీ ఇచ్చి ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఉంచి, స్ప్రింగు నీరసించే వేళకు తీయమనండి. గంతులో లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.